వారానికి రెండు రోజులు కరెంటు కోత: రొమ్ము క్యాన్సర్ చికిత్సలో హాస్యం ఎవరి చేతిలో ఉండాలి

గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో రేడియేషన్ చికిత్సను జనం 'కరెంటు పెట్టడం' అంటారు. నిజానికి రోగి ఒంట్లోకి కరెంటు ఏమీ వెళ్ళదు. యంత్రం నుంచి వెలువడే శక్తిమంతమైన ఎక్స్-కిరణాలు, శస్త్రచికిత్స తర్వాత ఎక్కడైనా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలు ఉంటే వాటిని దెబ్బతీస్తాయి. అయినా పల్నాడు నుంచో బాపట్ల నుంచో బస్సెక్కి వచ్చిన మనిషికి 'రేడియోథెరపీ' కన్నా 'కరెంటు' నోటికి దగ్గరి మాట. ఆ మాట వెంట ఒక వెసులుబాటు కూడా వచ్చింది. ఈ చికిత్స మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ సాగి, శని, ఆదివారాల్లో ఆగుతుంది. వేసవి కోతలు అనుభవంలో ఉన్న ఊళ్ళ ఆడవాళ్ళకు, 'మాకు వారానికి రెండు రోజులు కరెంటు కోత' అనడానికి వీలు ఆ మాటలోనే ఉంది. పక్క కుర్చీలో వంతు కోసం ఎదురుచూస్తున్నావిడ 'బిల్లు ఎంతొస్తుందో ఏమో' అని అందుకోవడానికీ వీలుంది.

ఈ రెండు మాటల వల్ల కణితి మిల్లీమీటరు కూడా తగ్గదు. అయినా ఆ గదిలో ఏదో మారుతుంది. ఆ మారేది ఏమిటి, దాన్ని మార్చే అధికారం ఎవరిది, అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నవి విడివిడిగా చూడవలసిన విషయాలు. ఎందుకంటే 'నవ్వు అన్ని రోగాలకూ మందు' అన్న మాటను అలవాటుగా అనేసేవారికీ, 'నవ్వు నాలుగు విధాల చేటు' అని ముఖం ముడిచేవారికీ మధ్య, చికిత్సలో ఉన్న స్త్రీ నిజంగా వాడుకునే హాస్యం కనబడకుండా పోతోంది.

వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే, జబ్బు నిర్ధారణ అయిన రోజు నుంచి ఆమె దాదాపు ప్రతి వాక్యంలోనూ కర్మగానే ఉంటుంది. ఆమెను పడుకోబెడతారు, ఆమెకు సూది గుచ్చుతారు, నరం దొరక్కపోతే మళ్ళీ గుచ్చుతారు, ఆమెకు కోత పెడతారు, ఆమెను పరామర్శిస్తారు. (కర్మ అన్న మాటకున్న రెండో అర్థాన్ని చుట్టపక్కాలు ఎలాగూ గుర్తుచేస్తూనే ఉంటారు.) ఏ రోజు ఆసుపత్రికి రావాలో, ఏమి తినాలో, జుట్టు ఎప్పుడు రాలాలో ఏదీ ఆమె నిర్ణయం కాదు. ఛలోక్తి విసిరిన ఆ ఒక్క క్షణంలో మాత్రం ఆమె కర్త. జరుగుతున్నది మారకపోయినా, జరుగుతున్నదానికి పేరు పెట్టేది తానవుతుంది. సోమవారం నాడు ఉరికంబానికి నడిపించుకుపోతున్న ఖైదీ 'వారం భలే మొదలైంది' అన్నాడన్న కథను మనోవిశ్లేషకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1927లో హాస్యం మీద రాసిన వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది ఇందుకే. ఉరి తప్పలేదు, కానీ ఆ ఉదయం గురించి వ్యాఖ్యానించే హక్కును ఖైదీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ ఏడాది దానివల్ల సుమారు 98 వేల మంది మరణించారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఈ జబ్బు సగటున దాదాపు పదేళ్ళు ముందుగా కనబడుతోందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అంటే మన ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోగి చాలాసార్లు మనవలను ఆడించే వయసు మనిషి కాదు. ఇంటర్ చదివే కొడుకు, పెళ్ళికెదిగిన కూతురు, మంచాన పడిన అత్తగారు, ఇంకా తీరని ఇంటి అప్పు ఉన్న మనిషి. ఆమె నవ్వినా, నవ్వకపోయినా చూసే కళ్ళు చాలా ఉంటాయి. హాస్యం గురించి ఇక్కడ మాట్లాడేటప్పుడు ఆ కళ్ళను లెక్కలోకి తీసుకోకుండా మాట్లాడటం కుదరదు.

పరిశోధన వైపు నుంచి చెప్పుకోదగినది 1993లో అమెరికాలో చార్లెస్ కార్వర్ బృందం ప్రచురించిన అధ్యయనం. తొలి దశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 59 మంది స్త్రీలను శస్త్రచికిత్సకు ముందు రోజు, తర్వాత పది రోజులకు, మూడు, ఆరు, పన్నెండు నెలలకు ప్రశ్నించి, వారు జబ్బును ఎలా ఎదుర్కొంటున్నారో, మనసు ఎంత కుంగి ఉందో నమోదు చేశారు. జరిగినదాన్ని ఒప్పుకోవడం, హాస్యాన్ని వాడుకోవడం అన్నవి తర్వాతి కాలంలో తక్కువ కుంగుబాటును సూచించాయి. తనకేమీ కాలేదన్నట్టు ఉండటం, చేతులెత్తేయడం అన్నవి ఎక్కువ కుంగుబాటును సూచించాయి. ఇందులో గమనించవలసింది ఒకటుంది. హాస్యం నిలబడింది ఒప్పుకోలు పక్కన, బుకాయింపు పక్కన కాదు. జబ్బు లేదన్నట్టు నవ్వడమూ, జబ్బు ఉందని తెలిసి దాని మీదే నవ్వడమూ పైకి ఒకేలా వినిపించవచ్చు కానీ, లోపల అవి రెండు వేర్వేరు పనులు.

ఈ ఫలితాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పడం మాత్రం అన్యాయం. అధ్యయనం కొలిచింది మనసు బాధను, ఆయుష్షును కాదు. మనసు ఉల్లాసంగా ఉంటే క్యాన్సర్ రోగి ఎక్కువ కాలం బతుకుతారా అన్న ప్రశ్నకు 2007లో జేమ్స్ కోయిన్ బృందం తల, మెడ క్యాన్సర్ ఉన్న 1,093 మంది వివరాలతో జవాబు వెతికితే, మానసిక స్థితికీ బతికిన కాలానికీ సంబంధం కనబడలేదు. అమెరికన్ సంపాదకుడు నార్మన్ కజిన్స్ పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టిందని 1970లలో రాసుకున్న అనుభవం ప్రపంచమంతా తిరిగింది కానీ, ఆయన జబ్బు వెన్నెముక కీళ్ళది, క్యాన్సర్ కాదు. నలుగురితో కలిసి నవ్వినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి కొంత పెరుగుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం చేసిన ప్రయోగాలు చూపాయి. అది చిన్న లాభమేమీ కాదు. 1995 మార్చిలో ముంబైలో మదన్ కటారియా అనే వైద్యుడు ఐదుగురితో మొదలుపెట్టిన లాఫింగ్ క్లబ్బు పద్ధతి మన ఊళ్ళ పార్కులకూ వచ్చింది. అయితే చేతులెత్తి 'హా హా' అనడం ఊపిరికి వ్యాయామమే తప్ప హాస్యం కాదు. రొమ్ము తీసివేసిన కొత్తలో కుట్ల దగ్గర అది నొప్పి కూడా.

నవ్వు ఎవరిది అన్న ప్రశ్నకు మనకు ఇంకా పాత సాధనాలున్నాయి. భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యరసాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా విడదీశాడు: తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరులను నవ్విస్తే పరస్థం. హాస్యానికి కారణాలు చెబుతూ మొదట పేర్కొన్నది వికృతమైన వేషాన్ని, అలంకారాన్ని. ఈ చికిత్సలో ఉన్న స్త్రీకి ఆ వేషం కోరకుండానే వచ్చిపడుతుంది. తల బోడి, కనుబొమలు లేవు, గోళ్ళు నల్లబడ్డాయి, జాకెట్టు ఒకవైపు ఖాళీ. నాటకశాస్త్రం ప్రకారం చూస్తే రంగస్థలం మీద నవ్వు పుట్టించే సామగ్రి అంతా ఆమె ఒంటి మీదే ఉంది. దాన్ని చూసి మొదట నవ్వేది ఆమె అయితే అది విముక్తి; మొదట నవ్వేది మరొకరైతే అది క్రౌర్యం. సామగ్రి ఒకటే, మాట ఒకటే కావచ్చు, మొదలుపెట్టిన నోరు మారితే అర్థం తిరగబడుతుంది.

ఈ తేడా తెలుగు మాటలకు ముందే తెలుసు. పరాచికం, చమత్కారం, మేలమాడటం ఒకవైపు. వేళాకోళం మధ్యలో, చనువును బట్టి ఎటైనా మొగ్గేది. ఎకసెక్కం, వెటకారం, ఎగతాళి, హేళన మరోవైపు. కెనడాకు చెందిన మనస్తత్వవేత్త రాడ్ మార్టిన్ 2003లో సహచరులతో కలిసి హాస్యాన్ని నాలుగు తీరులుగా విభజించాడు: నలుగురినీ దగ్గర చేసేది, తనను తాను నిలబెట్టుకునేది, ఎదుటివారిని గాయపరిచేది, తనను తాను కించపరచుకునేది. మొదటి రెండూ మనసు కుదురుగా ఉన్నవారిలో, నాలుగోది దిగులు, ఆందోళన ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తాయని ఆ ధోరణి పరిశోధనలు చెబుతాయి. 'నా గుండు మీద దోశ పోయొచ్చు' అనడానికీ, 'ఇంక నేనేం ఆడదాన్నిలే' అని నవ్వడానికీ మధ్య ఉన్న దూరం అదే. రెండో మాటకు ఎదురుగా ఉన్నవాళ్ళు కూడా నవ్వేస్తే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుంది.

నరంలోకి క్యాన్సర్ మందు ఎక్కించే కీమో విషయానికి వస్తే, హాస్యానికి పదార్థం దండిగా దొరికేది అక్కడే. చాలామందికి మందు 21 రోజులకోసారి ఎక్కిస్తారు; పుట్టిన బిడ్డకు ఇరవయ్యొకటో రోజున బారసాల చేసే మన ఇళ్ళల్లో, 'మూడు వారాలకోసారి నాకు బారసాల' అనుకోవడానికి ఎక్కువ ఊహ అక్కర్లేదు. డాక్సోరుబిసిన్ అనే మందు చూడటానికి ఎర్రగా, శీతలపానీయంలా ఉంటుంది; ఎక్కించిన తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా రావచ్చు. ముందుగా చెప్పకపోతే రక్తమేమోనని హడలిపోతారు. ఇంగ్లీషులో దానికి 'ఎర్ర దెయ్యం' అన్న ముద్దుపేరుంది. మంగళగిరి కొండను చూస్తూ ఆసుపత్రికి వచ్చే మనిషికి దెయ్యం కన్నా దేవుడే ముందు గుర్తుకొస్తాడు: పానకాల స్వామి నోట్లో ఎంత పానకం పోసినా సగమే తాగి మిగతా సగం ప్రసాదంగా వెనక్కి ఇస్తాడని ప్రతీతి. సీసా పూర్తయ్యేదాకా కదలనివ్వని నర్సుతో, 'స్వామికున్న సౌకర్యం నాకు లేదా తల్లీ' అని రోగి అడిగితే, అందులో భక్తి ఉంది, ఫిర్యాదు ఉంది, భయమూ ఉంది. ఆ మూడూ విడివిడిగా చెప్పుకోలేనివి.

గుంటూరులో కీమోకు ప్రత్యేకమైన వెక్కిరింపు మరొకటుంది. ఈ మందులు వేగంగా విభజన చెందే కణాలన్నింటినీ దెబ్బకొడతాయి. క్యాన్సర్ కణాలతో పాటు వెంట్రుకల కుదుళ్ళు, ఎముక మజ్జ, నోటిలోని పలచటి పొర కూడా ఆ జాబితాలోవే. అందుకే నోరు పూసిపోతుంది, రుచి చచ్చిపోతుంది, మంచినీళ్ళు కూడా ఇనుప చెంచా నాకినట్టు అనిపిస్తాయి. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి ఉన్న ఊళ్ళో, ఎండాకాలం గాలిలోనే ఘాటు తగిలే ఊళ్ళో, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గోంగూరలో పండుమిర్చి నూరుకుని తిన్న మనిషి పెరుగన్నంలో ఉప్పు కూడా తగ్గించుకుని తినాల్సి వస్తుంది. 'మిర్చి యార్డు పక్కనే ఇల్లు, ఎండుమిరపకాయ మాత్రం ఫొటోలో చూడాలి' అన్న మాటకు ఆ వార్డులో నవ్వనివారు ఉండరు. ఆ నవ్వు తిండి గురించి కాదు. తన ఊరికి తాను పరాయిదైపోయానన్న సంగతిని ఏడవకుండా చెప్పుకోవడం అది.

జుట్టు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా కనబడుతుంది. ఒక్కసారిగా రాలితే చూడలేమని చాలామంది ముందే గుండు చేయించుకుంటారు. తెలుగు నేల మీద ఆడమనిషి గుండుకు రెండు పాత అర్థాలున్నాయి: ఒకటి తిరుపతి మొక్కు, రెండోది కొన్ని కులాల్లో ఒకప్పుడు వితంతువులకు బలవంతంగా చేయించిన శిరోముండనం. మొదటిది శుభం, రెండోది అశుభం. క్యాన్సర్ గుండుకు ఈ రెండింటి మధ్యా చోటు దొరకదు, అందుకే వీధిలోవాళ్ళు దయతోనో ఆసక్తితోనో మొదటిదానిలోకి తోసేస్తారు: 'తిరుపతి వెళ్ళొచ్చారా?' ఈ ప్రశ్నకు అవునంటే లడ్డూ ఎక్కడని అడుగుతారు, కాదంటే కథంతా చెప్పాలి. 'వెళ్ళలేదండీ, ఈసారి స్వామే ఇంటికొచ్చి తీసుకెళ్ళాడు' అన్న జవాబు దొరికిన రోజు ఆ స్త్రీ మళ్ళీ కూరగాయల బజారుకు వెళ్ళగలుగుతుంది. హాస్యం చేసే ఆచరణాత్మకమైన మేలు ఇలాంటిదే: బయటికి నడవడానికి ఒక సిద్ధమైన వాక్యం. విగ్గు కొన్నవారికి ఇంకో మలుపు ఉంటుంది. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది, అక్కడి నుంచి అవి ప్రపంచమంతటా విగ్గులవుతాయి. ఎప్పుడో పదేళ్ళ క్రితం తాను ఇచ్చిన జుట్టే వడ్డీతో సహా తిరిగొచ్చిందేమోనని అనుకోవడంలో తర్కం లేకపోయినా ఊరట ఉంది.

శస్త్రచికిత్స మీద హాస్యం అంత సులువుగా రాదు. రొమ్ము అన్న మాటనే ఇంట్లో పైకి అనలేని చోట, 'ఛాతీలో గడ్డ', 'ఆ జబ్బు' అనే డొంకతిరుగుడు మాటలతోనే నెలలు గడిచిపోతాయి. కానీ రొమ్ము తీసేసిన తర్వాత జాకెట్టు కుట్టించుకోవడం అనే సమస్యకు డొంకతిరుగుడు పనికిరాదు. సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ము ఖరీదైనది. గుడ్డలో దూది కుక్కి ఇంట్లోనే చేసుకునేవారు ఉన్నారు. అది తేలిక కాబట్టి జారుతుంది, భుజం దగ్గరకో పక్కకో వెళ్ళిపోతుంది. పత్తి పండే జిల్లాలో దూదికి కొదవేముంది, కుదురుగా కూర్చోబెట్టడమే కష్టం అని నవ్వుకోవడం ఆడవాళ్ళ మధ్య, తలుపు వేసిన గదిలో జరిగే పని. అది బయటకు రాకపోవడంలో తప్పేమీ లేదు. చంక కింద శోషరస గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ చేతికి సూదులు, రక్తపోటు పట్టీ వద్దని, బరువుల విషయంలో జాగ్రత్త అని చెబుతారు. నీళ్ళ బిందె, గ్రైండరు గిన్నె ఇక ఇంట్లో మగవాళ్ళు ఎత్తాలన్న మాట. ఈ ఒక్క వైద్య సలహాను మాత్రం నవ్వుతూ నలుగురికీ చెప్పుకునేవారు ఎక్కువ.

తర్వాత వచ్చే 'కరెంటు' దశలో, కిరణాలు ప్రతిరోజూ ఒకే చోట పడాలి కాబట్టి చర్మం మీద చుక్కలు, గీతలు గుర్తుగా పెడతారు, స్నానంలో చెరిగిపోకుండా చూసుకోమంటారు. ధనుర్మాసంలో పుట్టింటి వాకిలి నిండా చుక్కల ముగ్గు వేసిన స్త్రీకి ఇది ఎలా కనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. గొబ్బెమ్మ ఒక్కటే తక్కువ. ఆ తర్వాత, హార్మోను ప్రభావంతో పెరిగే రకం క్యాన్సర్ అయితే, టామోక్సిఫెన్ వంటి మాత్రలు ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు వాడాలి. వాటివల్ల ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు పుడతాయి. మే నెల విజయవాడలో ఆ ఆవిరి మందుదో ఊరిదో తేల్చుకోవడం కష్టమన్నది అతిశయోక్తి కాదు.

ఇప్పుడు చుట్టూ ఉన్నవారి సంగతి. సామాజిక మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో 'పరిహాస సంబంధాలు' గురించి రాస్తూ, కొన్ని బంధుత్వాల్లో ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికి ఆచారమే అనుమతి ఇస్తుందని, అలా పట్టించినప్పుడు కోపం తెచ్చుకోకూడదని కూడా ఆచారమే శాసిస్తుందని వివరించాడు. తెలుగు ఇళ్ళలో ఇది పుస్తకం చదవకుండానే తెలిసిన విషయం. వదినామరదళ్ళు, బావామరదళ్ళు, మేనరికపు వరసలు మేలమాడుకోవచ్చు. మామగారు, అల్లుడు, కొడుకు అలా మాట్లాడకూడదు. జబ్బు రాగానే ఈ వరసలన్నీ ఒక్కసారిగా మూగబోయి అందరూ మామగార్లలా గంభీరంగా మారిపోవడం రోగికి కలిగే నష్టాల్లో ఒకటి, దాన్ని ఎవరూ లెక్కలో రాయరు. నిన్నటిదాకా చీర కుచ్చిళ్ళు చూసి నవ్విన మరదలు ఇవాళ బత్తాయిల సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి కళ్ళు ఒత్తుకుంటే, తాను చనిపోయినట్టే ఉంటుంది ఆ మనిషికి. అప్పుడు రోగే ముందు మాట్లాడాలి: 'ఏమే, బత్తాయిలేనా, మల్లెపూలు తేలేదా? పెట్టుకోవడానికి జడ లేదనా?' ఆ ఒక్క మాటతో వరస మళ్ళీ బతుకుతుంది. ఆ తర్వాత, 'క్లిప్పు పెట్టి చెవికి తగిలిస్తాలే వదినా' అనే హక్కు మరదలికి వస్తుంది. ఆ క్రమం తలకిందులైతే, మరదలే వచ్చీరాగానే జడ మీద పరాచికమాడితే, ఆ ఇంట్లో ఆ మాటను ఇరవై ఏళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

భర్తకు ఈ విషయంలో ఉన్నది ఇరుకైన దారి. తాను తేలిక మాటలు మాట్లాడితే పట్టించుకోలేదంటారు, మాట్లాడకపోతే ఇల్లు శ్మశానంలా ఉంటుంది. అతను ముందుగా తన మీద తాను వేసుకునే హాస్యమే క్షేమం: మాడిన ఉప్మా, ఉప్పు మరిచిన పప్పు, కీమో రోజున ఫైలు ఇంట్లో వదిలేసి బస్టాండుదాకా వెళ్ళిపోయిన తెలివి. పిల్లలు మాత్రం, ముఖ్యంగా చిన్నవాళ్ళు, వరసల చట్టానికి లోబడరు. అమ్మ గుండు మీద చెయ్యి వేసి గరుకుగా ఉందని నవ్వుతారు, అందులో ఏ హేళనా ఉండదు గనుక అది ఎవరినీ నొప్పించదు.

పరామర్శకు వచ్చేవారిలో ఒక రకం మనుషులు తెలియకుండానే హాస్యానికి గని. 'మా పెద్దత్తగారికీ ఇదే వచ్చిందండీ, పాపం ఎంత మంచిదో' అని భూతకాలంలో మొదలుపెట్టేవారు, కాకరకాయ రసంతో తగ్గిపోయిందని ప్రమాణం చేసేవారు, పెద్ద డాక్టరు పేర్లు పది చెప్పి ఒక్కరి ఫోను నంబరూ లేనివారు. వారు వెళ్ళిన తర్వాత వారిని అనుకరించి చూపించడం ఇంటిల్లిపాదికీ ఔషధమే, అందులో కాస్త నిర్దయ ఉన్నా సరే. అలాగే ఆసుపత్రి కౌంటర్ల దగ్గర పుట్టే హాస్యం కొంచెం కారంగా ఉంటుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఉచిత వైద్య పథకం 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. దీర్ఘకాలం మాత్రలు వాడుతున్న రోగి, 'పథకానికి పేరు మారింది, నా జబ్బుకే ఎవరూ కొత్త పేరు పెట్టలేదు' అంటే ఏ పార్టీవారూ నొచ్చుకోనక్కర్లేదు.

ఈ హాస్యమంతా జబ్బు సంగతి తెలిసినవారి మధ్యే సాధ్యం. చాలా ఇళ్ళలో అది బయటపెట్టరు; తల్లికి క్యాన్సర్ అని తెలిస్తే కూతురి పెళ్ళి సంబంధం తప్పిపోతుందన్న భయం దానికి ముఖ్యమైన కారణం. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతమే అన్న సంగతి పెళ్ళిచూపుల దాకా రాదు. దాచిపెట్టిన జబ్బు మీద నవ్వలేరు, ఎందుకంటే నవ్వడానికి కనీసం మరొకరికి తెలియాలి. కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే డే-కేర్ వార్డులో ఒకరినొకరు ఎరగని ఆడవాళ్ళు గంటలోపే అంత చనువుగా నవ్వుకోవడానికి ఇదొక కారణం: ఆ మంచాల వరసలో దాచవలసినది ఏదీ లేదు, అందరి తలలూ ఒకటే.

వైద్యులకు సంబంధించిన చిక్కు వేరు. సరదాగా మాట్లాడే రోగిని అందరూ ఇష్టపడతారు. గంటల తరబడి వరస సాగే ఓపీలో 'ఎలా ఉన్నారమ్మా' అంటే 'మీ దయవల్ల ఇంకా పైకి పోలేదు సార్' అని నవ్వించే మనిషిని, బాగానే ఉందనుకుని రెండు నిమిషాల్లో పంపేయడం సహజం. అక్కడే ప్రమాదం ఉంది. కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం వెంటనే ఆసుపత్రికి రావలసిన అత్యవసర పరిస్థితి. 'బెజవాడలో నూటనాలుగు బయటే ఉంది, ఒంట్లో నూటొకటి ఒక లెక్కా' అని ఆ జ్వరాన్ని నవ్వుతో కొట్టేసే మనిషిని ఇంట్లోవారు మెచ్చుకోకూడదు, ఆటో పిలవాలి. అలాగే వేళ్ళ తిమ్మిరి, నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విరక్తి వంటివి పరాచికం వేషంలోనే ముందుగా బయటికొస్తాయి. అనుభవమున్న నర్సులు నవ్వి ఊరుకోరు. నవ్విన తర్వాత రెండో ప్రశ్న అడుగుతారు.

ఇక చివరికి మిగిలేది, నవ్వకపోవడానికి ఉన్న హక్కు. 'ధైర్యంగా ఉండాలి, నవ్వుతూ ఉండాలి, సగం జబ్బు అలాగే పోతుంది' అన్న సలహా వినడానికి మంచిదే కానీ, అందులో ఒక నేరారోపణ దాగి ఉంది: జబ్బు తిరగబెడితే సరిగ్గా నవ్వలేదన్నమాట. పైన చెప్పిన 2007 నాటి ఫలితం ఈ ఆరోపణకు ఆధారం లేదనే చెబుతోంది. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమైన అక్టోబరు నెలలో గులాబీ రంగు బెలూన్ల మధ్య మైకు ముందు నిలబడి నవ్వగలిగేవారు చికిత్స ముగించినవారు. ఎముకలకో కాలేయానికో పాకిన జబ్బుతో, ఆగని చికిత్సలో ఉన్నవారిని ఆ వేదిక మీదకు ఎవరూ పిలవరు. వారు కూడా నవ్వుకుంటారు, చాలాసార్లు అందరికన్నా పదునుగా, కానీ ఆ మాటలు సభల్లో చెప్పడానికి పనికిరావు. ఒక రోజు గోడ వైపు తిరిగి పడుకుంటే, ఆ రోజు ఎవరూ జోకులు చెప్పకుండా ఫ్యాను స్పీడు తగ్గించి వెళ్ళిపోవడమే చేయవలసిన పని.

చికిత్స ముగిశాక జుట్టు తిరిగొస్తుంది. అది ముందున్నట్టు రాదు. కొన్నాళ్ళు ఉంగరాలు తిరిగి, రంగు మారి, ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉంటుంది. వీధిలో ప్రశ్న కూడా మారుతుంది: తిరుపతి ఊసు పోయి, ఏ పార్లరులో చేయించుకున్నారని అడుగుతారు. ఇందుకు ఖర్చు ఎంతయిందో లెక్క చెబితే ఎవరూ నమ్మరు.